స్టేజీ లేని చోట

ఇరవై నాలుగేండ్లు
కిటికీలకు వీపు పెట్టి నిలబడ్డదాన్ని.
చేతులు తెలుసు నాకు.
చిల్లర ఇయ్యని చేతులు, చెమటకు నానిన పాసుల చేతులు,
పసిపిల్లకు అర టికెట్ ఎందుకని కొట్లాడే చేతులు.
నల్లగొండ నుంచి కొల్లాపూర్ దాకా
దారెంట నీళ్లున్నయని
చేపల గంపలెక్కితేనే తెలిసేది.

ఇయ్యాల జమ్కు నడుపుతుంది.
అదే డిపో, అదే ఖాకీ. యాభై ఎనిమిదో ఏట
స్టీరింగు నేర్చుకొని
పాత ఓమ్ని కొన్నది. హారన్ పనిచెయ్యదు.
"ఎవడన్న అడ్డమొస్తే నువ్వు విజిలూదు" అన్నది.
విజిల్ ఇంకా నా పర్సులనే ఉంది.

పొద్దుగాల ఏడింటికి పానగల్లు కట్ట.
ఉదయసముద్రం.
సముద్రం ఏ దిక్కున్నదో చూడనోళ్లు
చెరువుకు పెట్టుకున్న పేరు.
కొంగ ఒకటి మమ్మల్ని ఎగాదిగా చూసి
పనికొచ్చేటోళ్లు కాదని తేల్చుకుంది.
ఫ్లాస్కు మూతల చాయ పోసుకున్నం.
బండి ఆపినందుకు ఎవరూ గడియారం చూడలే.

దేవరకొండ దాటినంక ముంజలు.
తాటాకు మీద పరుచుకొని కూసున్న పిలగాడు
డజను అరవై అన్నడు.
బేరం జమ్కుది, పైసలు నాయి,
పదమూడోది వాడే కొసరేసిండు.
వేలు గుచ్చంగనే నీళ్లు ముంజేతి మీదికెళ్లి
మోచేతి దాకా.
ఒక్కో ముంజ ఒక్కో చెరువు అందామనుకున్న.
జమ్కు నోరు నిండా ఉండె. ఊకున్న.

డిండి సగం ఎండింది.
నీళ్లు వెనక్కి జరిగిన కాడల్లా
మట్టి మీద గీత,
వారానికొక మెట్టు దిగినట్టు.
అవతల బర్లు. ముక్కులు, కొమ్ములు, అంతే.
ఇక్కడనే ఒకసారి పంచరైంది,
గంటన్నర.
బస్సు బస్సంత దిగి నీళ్లల్ల కాళ్లు పెట్టిండ్రు.
నేను లోపల కూసొని
ఎస్సార్ నింపిన.

ఇప్పుడు చెప్పులిడిచిన.
పైన బురద వెచ్చగ,
ఇంకొంచెం తొక్కితే చల్లగ.

నాగర్‌కర్నూల్ల కేసరిసముద్రం.
బండి నీడల చాప. సద్ది ఇప్పినం,
జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు, ఉల్లిగడ్డ.
తిన్నంక జమ్కు ఒరిగింది.
నిద్రల కూడ దాని ఎడమ కాలు
క్లచ్ నొక్కుతనే ఉంది.
నేను మాత్రం పండుకోలే.
గాలి నీళ్లను ఒక దిక్కు నుంచి
ఇంకో దిక్కుకు దువ్వుతుంటే
ఎంతసేపు చూసిన్నో
లెక్క రాసుకోలే.

పొద్దుగుంకంగ సోమశిల.
ఇది చెరువు కాదు, కృష్ణ.
పుట్టి తిప్పుకుంట వచ్చిన ముసలాయన
"ఏడికి?" అన్నడు.
బతుకంత నేనడిగిన మాట.
జమ్కు దిక్కు చూసిన. అది నా దిక్కు చూసింది.
"ఊకనే, కొంచెం దూరం" అన్న.
మనిషికి యాభై.
చిల్లర లెక్కపెట్టి ఆయన చేతుల పోసిన.

కూసున్నంక, అలవాటు పాడుగాను,
రెండు విజిళ్లు ఊదిన.
ముసలాయన ఉలిక్కిపడి తెడ్డు ఆపేసిండు.
రెండంటే పోనియ్యమని
ఆయనకెట్ల తెలుస్తది.