పల్లేరు కాయ

నెల్లిమర్ల జూటుమిల్లులో ఇరవై రెండేళ్లు
పోగు తెగిందంటే
నా కంటే ముందు నా కుడిచెయ్యి పరిగెత్తేది.
ఒక పొద్దుట టీ గ్లాసు అందుకోబోతే
పక్కింటావిడ చెయ్యిలా ఊరుకుంది.

ఆసుపత్రిలో రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నారు.
బంతికేం, నొక్కినా నొక్కకపోయినా దానికొకటే.
నెల తిరక్కుండా మంచం కిందకి దొర్లిపోయింది.
నేనూ వెతకలేదు.

చంపావతి ఇసుకలోకి నన్ను నడిపించింది
ఫిజియోథెరపీ పిల్ల హైమావతి.
అక్కడ లతీఫ్, అతని గుర్రం మువ్వ.
ఎందరు పెళ్లికొడుకుల్ని మోసిందో,
టపాకాయలకి బెదరడం మొదలెట్టాక
ఊరేగింపులకి పిలవడం మానేశారట.

"ఎదర్నించి రాకమ్మా, ఎనకనించీ వద్దు.
పక్కనుంచి రా. ముందు నీ ఊపిరి దాన్ని ఇననీ."
బ్రష్షు పట్టీ నా వేళ్లకి బిగించి కట్టాడు.
ఆ రోజు మెడ మీద ఆనించానంతే,
చర్మం కింద అలొకటి పరిగెత్తి
ఈగని తోలినట్టు నన్ను తోలేసింది.
నవ్వేశాను.
మూతి ఏ పక్కకి పోతోందో చూసుకోకుండా.

ఆదివారాలు పిల్లలొస్తారు.
తవిటినాయుడి కొడుకు, ఎనిమిదేళ్లవాడు, మాట్లాడడు.
గిట్టలు లెక్కపెట్టి నాలుగు వేళ్లు చూపిస్తాడు.
మువ్వ ఒక కాలు సడలించి కునుకు తీస్తే
ఒక వేలు మడిచి,
పోయిన గిట్ట కోసం
మా అందరి ముఖాలూ వెతుకుతాడు.
మువ్వ మళ్లీ కాలు దించేదాకా
ఇసుకలో ఎవరం మాట్లాడం.

"నయమైపోద్దేటే?" అని చెల్లెలడిగింది.
ఏమో, సగం చెయ్యి ఇంకా నిద్రలోనే ఉంది.
ఉలవలు నానబెట్టడానికి
నాలుగున్నరకి నేను లేస్తున్నాను, అంతే.

ఇవాళ మువ్వ తోక నిండా పల్లేరు కాయలు.
మిల్లులో ముడులేసిన వేళ్లు
విప్పడానికి తడుముకుంటున్నాయి.
ఒక కాయ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిక్కింది.
నొక్కాను.
"అబ్బా!"

"ఏటైందమ్మా?" లతీఫ్ పరిగెత్తుకొచ్చాడు.
"గుచ్చుకుంది" అన్నాను.
మళ్లీ అన్నాను, గట్టిగా,
ఏటి అవతలికి వినపడేలా: "గుచ్చుకుందయ్యా, నొప్పెడుతోంది!"

చుక్క రక్తం. నేను దాన్నే చూస్తున్నాను.
మువ్వ ఒకసారి వెనక్కి చూసి
తోక విదిల్చింది,
ఇంకా బోలెడు కాయలున్నాయని.