గొరక తలలో రెండు రాళ్ళు

గొరక తలకాయ పగలగొడితే రెండు రాళ్ళుంటాయి,
తెల్లంగా, చింతగింజ పలుకంత.
చిన్నప్పుడు వాటితో అచ్చనగాయలాడినాం
తుమ్మలపెంట ఇసకలో.
అవి చేపకెందుకో అప్పుడెవురూ చెప్పలా.

నెల్లూరు పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరమ్మ చెప్పింది.
నీకూ ఉండాయి నాగూరమ్మా,
కంటికి ఆననంత నలుసులు.
చోటు తప్పి
పక్కనుండే వంకీ కాలవలోకి జారినాయి.

అంతేనా అన్నా.
అంతే అంది.

ముప్పయ్యేళ్ళు తట్ట మోసిన తల ఇది.
చెయ్యి వెయ్యకుండా మోసినా.
ఆటో దిగి, చుట్టకుదురు సర్దుకోని
రైలు గేటు దాటి జనతాపేట మలుపుల్లో
చిల్లర లెక్కపెడతా, ఎవురితోనో పోట్లాడతా నడిచినా.
కవళ్ళ నీళ్ళు చెంప మీద కారేవిగానీ
తట్ట మాత్రం ఏనాడూ
అంగుళం వొరగలా.

ఒక తెల్లారుజామున
చాప మీద పక్కకి ఒత్తిగిలినా.
ఇల్లు లేచి తిరిగింది.
గోడ పట్టుకుంటే గోడా తిరిగింది.
వాయిగుండమొస్తే రేడియో చెప్తాది, దండోరా వేస్తారు.
దీనికి కృష్ణపట్నం రేవులో
ఏ జెండా ఎగరెయ్యలా.

డాక్టరమ్మ నన్ను గబుక్కున వెనక్కి పడేసి
తల మంచం చివర వేలాడదీసి
కుడికి తిప్పి, ఆగి, ఎడమకి తిప్పి, ఆగి,
చేటలో నూకలు ఒక మూలకి చేర్చినట్టు
నలుసుల్ని ఇంటికి తోలింది.
రెండు మంగళవారాలు.
తిరగడం ఆగింది.

తిరగడం ఆగిందిగానీ
కావలి ఆగలా.

కంపౌండరు దావీదు ఇంటి పక్కన
మసీదు సందుండాల. గోడుంది.
వెనక్కొస్తే వచ్చిన వీధి కాదది.
ఉదయగిరి బ్రిడ్జి కింద నిలబడి
సముద్రం ఎటుందని ఒక పిలగాణ్ణి అడిగినా.
నేను.
సముద్రం ఎటుందని.

చదువు రాదు, ఖాతా పుస్తకం పెట్టలా.
అప్పులన్నీ సందుల్లోనే పెట్టుకున్నా.
నీలం తలుపు కాడ రెండొందలు,
మెట్ల మలుపులో మాల్యాద్రి పెళ్ళాం తొంభై.
కాళ్ళు మలుపు తిరిగితే చాలు,
లెక్క దానంతటదే నాలిక మీదికొచ్చేది.
ఎంత తిరిగినావో, ఎటు వొరిగినావో
చెవే లోపల దోవ గీస్తాదంట.
ఆ గీత చెరిగింది.
దాని మీద ఆరేసిన రూపాయలన్నీ ఎగిరిపొయినాయి.

ఎప్పుడో ఇచ్చేసినాం గదా అన్నారు కొందరు.
ఇచ్చినారేమో.
ఖాసింబీ పిలిచి మూడొందల నలభై చేతిలో పెట్టింది,
ఉరుసప్పటి బాకీ అంది.
డబ్బులు తీసుకున్నా.
ఆ ఉరుసు మాత్రం
ఏ సందులో వెతికినా కనపళ్ళా.

ఇప్పుడు పొద్దున్నే పడవల కాడ నిలబడి
బొటనవేలు ఎత్తిపట్టి, దాన్నే చూస్తా
తల అటూ ఇటూ తిప్పతా. వైద్యం.
ఎవురో ఏదో ఇస్తావుంటే
వొద్దొద్దంటున్నట్టు ఉంటాది చూసేవాళ్ళకి.
పిలకాయలు నవ్వతారు.
మొహానికి సబ్బు రుద్దుకోని కళ్ళు మూస్తే
ఇప్పటికీ నేల నాది కాదు.
అందుకని గోడకానుకోని పోసుకుంటా.

ఊళ్ళో ఒక చెయ్యి తట్ట మీద, ఒక చెయ్యి గోడ మీద.
చిల్లర లెక్కకి చెయ్యి మిగల్లా.
గరుకు గోడ, సున్నం గోడ, గేటు, మళ్ళీ గరుకు,
బీడీల వాసన,
వేళ్ళతో కొత్తగా నేర్చుకుంటన్నా కావలిని.
సగం వచ్చింది.

నిన్న పెంచలమ్మకి గొరక కోసిస్తా
తలకాయ పగలగొట్టినా.
రెండు రాళ్ళూ చోటులోనే ఉండాయి.
కొంగుకు తుడిచి అరచేతిలో పెట్టుకున్నా.
ఏ దీపమూ లేని నీళ్ళలో ఏది పైనో, ఏది కిందో
దీనికి ఒక్కనాడూ అనుమానం రాలా.
తలెత్తేసరికి ఎవురి అరుగు మీద కూచున్నానో
ఒక గుక్కసేపు తెలీలా.

తలకాయ కూడా వెయ్యి, పులుసుకి బాగుంటాది,
అంది పెంచలమ్మ.
వేసినా.

రాళ్ళు ఇయ్యలా.