ఏ పచ్చ

అంకీస దిక్కు నుంచి వచ్చింది బండి,
ముప్పై ఏండ్ల మహీంద్రా జీపు,
ఒంటికన్నుతోని.
మిర్పకాయ ఏరే కూలీలను చౌరస్తాల దించి
ఇంజను బందు చెయ్యకుండనే అన్నడు దుర్గం ఓదెలు:
"బ్రేకు తొక్కితె ఎడమ సిగ్నలు వెలుగుతాంది మామా,
ఎడమ సిగ్నలేస్తె బ్రేకు లైటు కొట్టుకుంటాంది.
ఎనుక లారోళ్లు అమ్మ ఆలి తిడుతున్నరు.
నేను మల్గుతున్ననో ఆగుతున్ననో
నాకే ఎరుక లేకుంటైంది."

సిరొంచ బస్టాండు ఎనుక నా రేకుల షెడ్డు.
బండొస్తే ముందుగాల నేనేమీ అడగ,
బానెట్ లేపి వాసన చూస్త.
కాలిన వైరుది ఒక వాసన,
కాలబోయే వైరుది ఇంకో వాసన.
దీనికి రెండూ లేవు, మిర్పకాయ ఘాటే.
మూడుసార్లు తుమ్మిన.
ఫ్యూజు డబ్బల ఫ్యూజు జాగల
సిగరెట్ పెట్టెల వెండికాగితం.
ఓదెలు అటు దిక్కు చూసిండు.

నా టెస్ట్ లాంపు నేనే చేసుకున్నది,
స్కూటరు బల్బు, రెండు మూరల వైరు,
కొసకు గోనెసంచి కుట్టే దబ్బనం.
గుడ్డి లైటు ఎనుక గుచ్చిన.
బల్బు తోక బ్యాటరీ మైనసుకు పెడితే నిండుగ వెలిగింది,
బాడీకి పెడితే బీడీ నిప్పంత.
కరెంటు పోతనే ఉన్నది,
మర్లి వచ్చేటందుకే తొవ్వ లేదు.

మడ్‌గార్డు లోపల ఎర్త్ బోల్టు.
దాని మీద కొన్నోడల్లా ఒక పొర పూసిండు:
కాంట్రాక్టరు తెలుపు, పెండ్లిబండి ఎరుపు,
దాని మీద ఓదెలు పూసిన నీలం.
ఎమ్రి కాయితం పెట్టి గీకిన,
ఇనుము పండ్లు కనవడేదాంక.
కుడి కన్ను తెరిచింది బండి.
ఓదెలు జేబుల చెయ్యి పెట్టిండు.
"ఆగు. బ్రేకు తొక్కు."
ఎడమ సిగ్నలు, మల్ల, సిగ్గు లేకుండ.

ఇగ సీటు కింద వైర్ల కట్ట.
నా కండ్లకు మోతిబిందు, రెండేండ్ల సంది.
ఎరుపు తెలుస్తది, నలుపు తెలుస్తది,
తక్కినవన్నీ బూడిద.
అందుకే వైభవ్ ఉండాలె పక్కన, టార్చి పట్టుకొని.
అతుకు కాడ వంగి చూసి చెప్పిండు:
"హిర్వా. పివ్‌ళా."
మరాఠి బడిల సదివేటోడు, రంగులు వానికి ఆ భాషలనే వస్తయి.
తెలుగుల చెప్పురా అన్న.
"పచ్చ."
రెండోది?
కొంచెంసేపు ఊకున్నడు.
"అది గూడ పచ్చనే తాతా."

నవ్వబోయి, ఆగిన.

పోయిన వానకాలం. రాత్రి.
అసరెల్లి దాటినంక బురదల దిగవడ్డది ఈ బండే.
సీటు కింద రెండు వైర్లు తెగినయని ఫోన్ చేసిండు ఓదెలు,
మాట సగం వినవడుతది, సగం పోతది.
నేను మంచం మీది నుంచి లేవలె.
"పచ్చదాన్ని పచ్చదానికి కలుపురా!"
అని ఒర్రి పండుకున్న.
కలిపిండు. నేను చెప్పినట్టే.
ఆకు పచ్చను పసుపు పచ్చకు,
పసుపు పచ్చను ఆకు పచ్చకు
మెలేసి, సైకిల్ ట్యూబు చుట్టి, దారం కట్టి.
ఎంత గట్టిగ కట్టిండు!
ఇప్పేటందుకు బ్లేడు తీయవడ్డది.

ఇన్ని నెలలు బండి నా మాట మీదనే నడిచిందని
నేను చెప్పలె.
ఎర్త్ పైసలు తీసుకున్న, అతుకు పైసలు తీసుకోలె.
ఎందుకని ఓదెలు అడగలె గూడ,
ఎక్కడ మనసు మారుతదో అని జల్ది ఎక్కిండు.

వైభవ్ ఇంకా టార్చి ఆర్పలె.
"మరి పచ్చకామెర్లు, అది ఏ పచ్చ తాతా?"
పసుపు అన్న.
"పచ్చబొట్టు?"
ఏం చెప్పాల్నో తెల్వలె.

మూల మీద బ్రేకు తొక్కిండు ఓదెలు.
ఎరుపు.
అది నాకు తెలుస్తది.