ఎడమకి లాగే పడవ

ఎంవీపీ కాలనీలో ట్యూషన్ సెంటర్ మీది అంతస్తు.
నలభై ఎనిమిది గంటలు అయిపోయాయి.
ఫ్యాన్ కింద పదకొండు లాప్‌టాప్‌లు,
వాటి వెనక నిద్రలేని కళ్ళు,
మూలనున్న బకెట్ నిండా టీ కప్పులు.
గేమ్ జామ్‌కి ఇచ్చిన షరతు: ఒక్కటే మీట.
ఆట మొత్తం ఆ ఒక్క మీట మీదే నడవాలి.

మా మేనకోడలు పిలిచింది నన్ను.
"ఆడేవాళ్ళు కావాలి మావయ్యా,
ఆటలు తెలిసినవాళ్ళు వద్దు" అంది.
నాది ఉక్కు ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం.
చల్లారిన కడ్డీ మీద వేలు పోనిచ్చి
పగులు తగిలితే సుద్దముక్కతో అడ్డగీత.
ఇరవై రెండేళ్ళుగా గీస్తున్నాను.
ఏ కడ్డీ నా మొహంలోకి చూడలేదు.

ఇక్కడ చూస్తారు.
ఆడేవాడు అడక్కూడదు, చేసినవాళ్ళు చెప్పకూడదు,
అదీ నియమం.
నేను గోడకి గుద్దుకుంటుంటే
పక్క కుర్చీలో ఒక గుంటడు
తలుపు ఎటుందో తెలిసీ
చొక్కా గుండీ నములుతుంటాడు.

"రెండు మంచిమాటల మధ్య ఒక చెడ్డమాట పెట్టండి,
బన్నులో కారం పెట్టినట్టు"
అని చెప్పి వెళ్ళాడు జామ్ పెట్టిన దాడి వంశీధర్.
బన్ను తినేసి కారం వదిలేసేవాళ్ళని
నేను చాలామందిని చూశాను.

మొదటిది ముంత మసాలా బండి.
ఉల్లిపాయ తరిగే చప్పుడు బాగుంది,
తరిగిందే తరగడం బాగోలేదు. రాశాను.
రెండోది సింహాచలం మెట్లెక్కే మేక.
నూటపదో మెట్టు దగ్గర గాల్లోనే ఉండిపోయింది.
చేసినవాడూ నేనూ కలిసి నవ్వాం.
మేకని దించకు, దానికో పేరు పెట్టు అని రాశాను.
నాలుగోది తెరుచుకోనే లేదు.
"తెల్లారగట్ల మూడింటికి పనిచేసిందండీ"
అన్నాడు పైడి శ్రీకర్, సాక్షుల్లేని ముద్దాయిలా.
నమ్మాను.
నమ్మానని రాయడానికి ఫారంలో గడి లేదు.

ఏడోది పడవ.
చేసిన పిల్ల సూరాడ భానురేఖ, పెదజాలరిపేట.
నల్లటి నీళ్ళు. దూరంగా డాల్ఫిన్ నోస్ మీద దీపం.
మీట నొక్కితే తెడ్డు ఒక్కసారి పడుతుంది.
అంతే.
పడవ ఎడమకి లాగేస్తోంది.
నొక్కాను. లాగింది.
గబగబా నొక్కాను. ఇంకా లాగింది.
మూడుసార్లు రాళ్ళపాలయ్యాను.
ఆ పిల్ల గుండీలేం నమల్లేదు,
చేతులు కట్టుకుని నా బొటనవేలునే చూస్తోంది.

"కంట్రోల్ కుదరలేదు. పడవ ఎడమకి పోతోంది. సరిచేయాలి."
అలవాటైన చెయ్యి. అడ్డగీత తేలిగ్గా పడుతుంది.

అప్పుడు కరెంటు పోయింది.
తెర వెలుగుతూనే ఉంది, ఫ్యాన్ ఆగింది.
ఆగాక వినిపించింది
లాప్‌టాప్ అడుగునుంచి సన్నగా, గాలి.
పెరిగి, తగ్గి, పెరిగి.
తగ్గినప్పుడు నొక్కాను.
పడవ తిన్నగా పోయింది.

మళ్ళీ తగ్గేదాకా ఆగాను. మళ్ళీ నొక్కాను.
చెమట ముక్కు మీంచి మీట మీద పడింది.
దీపం దగ్గరయింది.
గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఒడ్డు తగిలాక నియమం తప్పి అడిగాను,
ఈ లాగుడు ఎక్కడిదని.
"కార్తీకంలో అలాగే లాగుతాదండి.
మా చిన్నాన్న గాలి ఇని తెడ్డేత్తాడు.
నీళ్ళు సూసి ఏత్తే అయిపోనట్టే."

రాసింది కొట్టేశాను. కాగితం చిరిగేలా కొట్టేశాను.
కింద మిగిలిన చోట ఇరికించి రాశాను:
"పడవని ముట్టుకోకు. ఎడమకే లాగనీ.
గాలి మాత్రం కొంచెం పెంచు.
ఫ్యాన్ తిరిగే గదుల్లో ఉంటాం మేం."

చదివింది. పెదవి విరిచింది.
"పెంచితే అందరూ ఒడ్డుకొచ్చేత్తారు కదండీ?"

నా దగ్గర జవాబు లేదు.
కరెంటు వచ్చింది, ఫ్యాన్ కదిలింది,
గాలి ఎక్కడికో పోయింది.
ఎనిమిదో ఆట కుర్రాడు
అప్పటికే గుండీ నోట్లో పెట్టుకున్నాడు.