రోజుకొక విఘడియ

కవెంట్రీలో నా ఉద్యోగం ఒక అయస్కాంతం పక్కన.
మనుషుల్ని పడుకోబెట్టి దాని నోట్లోకి తోస్తాను.
ఉంగరాలు, పిన్నీసులు, నాణేలు, బెల్టు బకిల్సు
అన్నీ బయటే.
నా గడియారం కూడా బయటే,
లాకర్లో, పాత మేజోడులో చుట్టి.
దాని లోపల వెంట్రుకంత స్ప్రింగు ఉంది,
ఆ గదిలోకి ఒక్క అడుగు వేశామంటే
చుట్టుకి చుట్టు అతుక్కుని
పూనకం వచ్చినట్టు పరిగెడుతుంది.

నేనుండేది చాపెల్‌ఫీల్డ్స్‌లో, పై అంతస్తులో.
ఒకప్పుడు ఇక్కడ గడియారాలు చేసేవాళ్లట.
కిటికీ మాత్రం అప్పటిదే,
గోడంత పెద్దది,
చలికాలం సగం జీతం దాంట్లోంచే పోతుంది.
దాని కింద బల్ల. బల్ల మీద పదకొండు.
పొద్దున్నే వరసగా కీ ఇస్తాను.
ఒకటి ఇరవై తిప్పులు తాగుతుంది,
ఒకటి పద్దెనిమిదికే చాలంటుంది.
ఎక్కడ ఆగాలో లెక్కతో తేలదు,
అన్నం మెతుకు నొక్కి చూసినట్టు
బొటనవేలే చెప్పాలి.

"ఫోన్లో టైముంటుందిగా" అంటుంది షినేడ్.
ఉంటుంది.
దానికి నాతో పనిలేదు.

ఒక శనివారం పార్జెటర్ అని ఒకాయన వచ్చాడు.
ఎనభై ఒకటి.
చొక్కా విప్పాడు, పళ్లసెట్టు తీశాడు,
గడియారం దగ్గర ఆగాడు.
"బోర్లా పెట్టకు. అలుగుతుంది."

ముప్పై అయిదు నిమిషాలు
అద్దానికి అవతల ఆయన మోకాళ్లు,
ఇవతల నా అరచేతిలో ఆయన గడియారం.
లోపల యంత్రం డప్పు వాయిస్తోంది.
ఇది మాత్రం గొంతులో కిచ్‌కిచ్ ఉన్నవాడిలా
ఆగి ఆగి.

"రెండున్నర నిమిషాలు వెనకుందండీ" అన్నాను, తిరిగిస్తూ.
"తెలుసు. రోజుకి ఇరవై నాలుగు సెకన్లు.
రేపు ఆదివారం, సరిచేస్తాను.
డెబ్బై నాలుగు నుంచీ ఇదే ఒప్పందం."

ఇరవై నాలుగు సెకన్లు.
మా లెక్కలో సరిగ్గా ఒక విఘడియ.
ఈ మాట ఆ ఊళ్లో ఎవరితో అనను?
"నూనె ఎండిపోయింది లోపల" అన్నాను,
నోరు ఊరుకోక.

వారం తిరక్కుండా రిసెప్షన్లో ఒక కవరు.
దూదిలో గడియారం. చీటీ మీద ఒక్క ముక్క:
"నీ చేతులు చూశాను."

వెనక మూత తిప్పాను.
మూత లోపలివైపు సూదిగీతలు,
విప్పినవాళ్లు విప్పినప్పుడల్లా పెట్టుకున్న గుర్తులు:
ఒక తేదీ, రెండక్షరాలు,
ఇంకో తేదీ, చేప లాంటిదేదో.
పెట్టుకున్నవాడి పేరు ఎక్కడా లేదు,
బాగుచేసినవాళ్లవే అన్నీ.

నాలుగు రాత్రులు పట్టింది.
ఒక స్క్రూ ఎగిరి కార్పెట్లో పడితే
తెల్లవారేదాకా మోకాళ్ల మీదున్నాను.
ప్రతి రాయికీ చీమ కంటతడంత నూనె.
అయిదో రోజు చూస్తే
ఒక్క సెకను తేడా లేదు.

గర్వపడాల్సింది.
ఎవరిదో ఇల్లు ఊడ్చి
వాళ్ల ఉత్తరాలు కూడా పారేసినట్టయింది.

సర్దుబాటు ముల్లుని పట్టకారుతో
వెనక్కి, ఇంత కూడా కాదు, జరిపాను.
ముప్పై ఒకటి పోయింది. ముందుకి. పంతొమ్మిది.
తప్పుని సరిగ్గా పెట్టడానికి
మరో మూడు సాయంత్రాలు.
ఇరవై నాలుగు. చాలు.

మూత మూసేముందు
చేప పక్కన కాస్త ఖాళీలో
సూదిమొనతో ఒక ఱ గీశాను.
గుర్రానికే అక్కర్లేకపోయిన బండి ఱ,
ఇన్ని చక్రాల మధ్య
దానికి కాస్త పని దొరుకుతుందని.
తర్వాతెప్పుడో విప్పేవాడెవడో
భూతద్దం కింద పెట్టి
కాసేపు బుర్ర గోక్కుంటాడు.

ఆయన ఫిల్ములో ఏం కనబడిందో
చెప్పే పని నాది కాదు, డాక్టరుది.

సోమవారం వచ్చాడు.
టైము చూడలేదు. చెవికి ఆనించుకున్నాడు.
కారిడార్లో ట్రాలీ ఒకటి వెళ్లేదాకా ఆగి,
మళ్లీ ఆనించుకున్నాడు.

"ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడుతోందే" అన్నాడు.