గళ్ళచొక్కా

గురువారం రాత్రి హసావిలో
మా గదికి సినిమా వస్తుంది.
తెర అంటే, గోడకు ఆనించిన పాత మానిటరు.
ఎడమ పక్కంతా పసుపు తిరిగిపోయింది.
అందుకే మా సినిమాల్లో ఆ వైపు నిలబడ్డోళ్ళంతా
కామెర్లు వచ్చినట్టు ఉంటారు.

సినిమాలు ఈశ్వరయ్య మామవి.
అకామా అయిపోయి నాలుగేళ్ళు దాక్కుని
క్షమాభిక్ష పెట్టినప్పుడు పోతూ పోతూ
ఒక కుక్కరూ, సగం ఉప్పు ప్యాకెట్టూ,
ఈ హార్డు డిస్కూ ఇచ్చిపోయినాడు.
రెండొందల పైచిలుకు. ఒక్కదానికీ పేరు లేదు, అంకెలే.
పేర్లు పడే ముక్క ఎవరో కోసేసినారు.
ఏ ఊర్లోనూ వారం ఆడి ఉండవు ఇవి.

నలభై ఒకటి మంచి సినిమా అంటాను నేను.
అందులో ఆమె తలుపేసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడదు.
పెంచలయ్యకు అదే నచ్చలేదు.
"ఏడిస్తే ఏడవాల, లేకుంటే పప్పుకు తాళింపన్నా పెట్టాల.
ఊరికే కూచుంటే కరెంటు దండగ."
డెబ్బై మూడులో హీరో స్టీరింగు అటూ ఇటూ ఊపేస్తాడు,
వెనక రోడ్డు మాత్రం తిన్నగా పోతుంది.
మహబూబ్‌పీరు డ్రైవరు, కళ్ళు మూసుకుంటాడు.
"వీనికి లైసెన్సు ఎవడిచ్చినాడబ్బా?
నన్ను మూడుసార్లు ఫెయిలు చేసినారే!"
నూట ఆరు గురించి ఎవరమూ మాట్లాడం.
అది చూసినరోజు ఓబులేసు అన్నం తినలేదు.
ఎందుకో చెప్పలేదు. మేము అడగలేదు.

గళ్ళచొక్కాను ముందు పట్టింది ఓబులేసే.
విలన్ వెనకాల, ఎడమ నుంచి మూడోవాడు.
బక్కోడు. మీసం సొంతదే.
పన్నెండులో ఉన్నాడు, పంతొమ్మిదిలో ఉన్నాడు,
ముప్ఫైలో సంతలో ఎర్రగడ్డలు బేరమాడుతున్నాడు,
యాభై ఐదులో కోర్టు బెంచీ మీద కూచుని
ఎవరో నిజం చెప్పినప్పుడు
అందరితో పాటు తల తిప్పినాడు.
ప్రతిదాంట్లో అదే చొక్కా.
నీలం గళ్ళని అనుకుంటా వచ్చినాము,
రంగుల సినిమాల్లోకి వచ్చినాక తెలిసింది, ఎరుపు.

దెబ్బలు తినడంలో మాత్రం చెయ్యి తిరిగినోడు.
హీరో పిడికిలి తగలకముందే పడడు,
తగిలినాక ఆలస్యం చెయ్యడు.
పడేటప్పుడు పక్కనున్న కుండ దొర్లకుండా
ఒక చేత్తో పట్టుకుంటాడు, బాగా చూడు.
"పగిలితే వాని జీతంలో కోస్తారురా"
అన్నాడు పెంచలయ్య.
మాల్‌లో పగిలిన అద్దం తలుపుకు
ఏడు నెలలు కట్టినోడు వాడు.

పోయిన వారం నూట అరవై రెండు.
చెత్త సినిమా.
జమీందారుకు జబ్బు, కూతురికి పాట, డాక్టరుకు అనుమానం.
నాకు కునుకు పట్టేలోపల
తలుపు తోసుకుని గళ్ళచొక్కా వచ్చినాడు.
ఒక్కడే. తెర నడిమధ్యన,
కామెర్లు లేనిచోట.
చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని
"అయ్యా, బండొచ్చింది" అన్నాడు.

అంతే. వెళ్ళిపోయినాడు.

గదిలో కాసేపు ఏసీ చప్పుడు.
తర్వాత మహబూబ్‌పీరు మొదలుపెట్టిన ఈల
పైన ఉండే మిస్రీవాడు చెప్పుతో నేలను బాదేదాకా ఆగలేదు.
వెనక్కి తిప్పినాము. ఆరుసార్లు తిప్పినాము.
గొంతు మేమనుకున్నట్టు లేదు.
సన్నగా, రాయచోటి బస్టాండులో
శనక్కాయలమ్మే పిల్లోని గొంతులా ఉంది.
"యాస మనదే" అన్నాడు ఓబులేసు.
రెండు మాటల్లో యాస ఏం తెలుస్తాదిరా అంటే
"బండి అన్నప్పుడు చూడు" అన్నాడు.
ఏడోసారి తిప్పినాము.
నిజమే అనిపించింది.
అనిపించుకున్నామేమో కూడా.

జమీందారు బతికినాడో చచ్చినాడో
మాకు తెలియదు.
ఆ బండి ఎవరికోసం వచ్చిందో,
యాడికి పోయిందో.

శనివారం, తెల్లారి నాలుగున్నర.
కింద కంపెనీ బస్సు హారను.
చీకట్లో చొక్కాలు వెతుక్కుంటున్నాము,
అన్నీ ఒకే రంగు,
వీపు మీద ఒకే పేరు, కంపెనీది.
అందరికంటే ముందు తయారైన ఓబులేసు
తలుపు దగ్గర నిలబడి
చేతులు కట్టుకుని
గొంతు సవరించుకున్నాడు.