కత్తుల గది

నెబ్రాస్కాలో ఒక మాంసం ఫ్యాక్టరీ.
అందులో కత్తులిచ్చే కిటికీ నాది.
పొద్దున ఇత్తడి బిళ్ళ కొక్కేనికి తగిలించి
కత్తీ, ఇనుప చేతితొడుగూ పట్టుకెళ్తారు.
సాయంత్రం కత్తి ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు.
ఇరవై రెండేళ్ళుగా ఇదే లెక్క.
ప్రభుత్వం మారిందని నాకు టీవీ చెప్పక్కర్లేదు,
కొక్కేలు చెప్తాయి.

మొదటిసారి బూట్లతో వచ్చారు.
డిసెంబరు. గేటు దగ్గర
అద్దాలకు నల్లరంగేసిన బస్సులు.
ఎప్పుడూ ఆగని లైను ఆగిపోతే,
గొలుసులకు వేలాడే సగం కోసిన పశువులు
మెల్లగా ఊగడం కూడా వినిపించింది.
ఆ రాత్రి అరవై ఒక్క కత్తులు తిరిగి రాలేదు.
బల్లల మీద, నేల మీద,
ఒకటి మరుగుదొడ్డి తలుపు వెనక
ఏరుకొచ్చి కడిగాను.
బిళ్ళలు మాత్రం కొక్కేలకే ఉండిపోయాయి.
రెండువందల పద్నాలుగుకి ఎర్రదారం చుట్టి ఉంది.
యులాలియా చుట్టుకుంది,
తెల్లవారుజాము చీకట్లో తడిమితే తెలియాలని.

తర్వాత వచ్చినవాళ్ళు మర్యాదస్తులు.
మనుషుల జోలికి పోం, కాగితాలే చూస్తాం అన్నారు.
పాము చావదు, కర్రా విరగదు.
ఇద్దరొచ్చారు, ఒకతనికి జలుబు.
నేను పెట్టిన కాఫీ తాగి
ఫారాల్లో కోడిగుడ్డుకు ఈకలు పీకారు.
బిళ్ళ నంబర్లకు పేర్లు కలిపి
జాబితా రాసిచ్చింది నేనే.
నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని
మేనేజరు నన్నే అడిగాడు.

శుక్రవారం ఎనభై తొమ్మిది మంది
కత్తులు కడిగి, తుడిచి,
పిడి నావైపు తిప్పి అందించారు.
ఒక్క కత్తీ తగ్గలేదు.
బిళ్ళ తీసుకో అని ముందుకు తోశాను.
దియోనిసియో నవ్వాడు.
"పట్టుకోరట కదా, దోన్యా వెర్నా?"
"పట్టుకోరు."
"మరి ఎక్కడికి పొమ్మంటారు?"
నా వెనక గోడ మీద
చేతులు శుభ్రంగా కడుక్కోండి అన్న బోర్డుంది.
అదే చదువుతూ నిలబడ్డాను.

కంపెనీ జరిమానా కట్టింది.
ఆ చెక్కు మీద సిరా ఆరకముందే
ఉద్యోగాలున్నాయని సోమాలీలో ప్రకటన వేసింది.

ఇప్పుడొక యంత్రం ఉంది.
పేరు కొడితే పచ్చదీపమో ఎర్రదీపమో.
రేడియోలో ఒక వారం
ఫ్యాక్టరీల జోలికి వెళ్ళొద్దని ఉత్తర్వు,
మరుసటి వారం వెళ్ళమని.
రెండు వారాలూ కత్తులు నూరాను.
ఓటు నేనూ వేశాను.
ఎవరికో అడక్కండి.

మొన్న ఒక కొత్తపిల్ల వచ్చింది, పద్దెనిమిదేళ్ళు.
ఇక్కడే పుట్టిందట, పచ్చదీపం వెలిగింది.
ఖాళీ బిళ్ళల డబ్బాలో చెయ్యిపెడితే
రెండువందల పద్నాలుగు తగిలింది.
"ఈ దారమేంటి?" అంది.
తొడుగుకు తగులుకుంటోందని
నేనిచ్చిన కత్తితోనే కోసి పారేసింది.

ఆ నుదురు ఎక్కడో చూసినట్టే ఉంది.
ఎవరి పిల్లవని అడగలేదు.
అడిగితే
ఎక్కడో ఒకచోట రాసుకోవాల్సొస్తుంది.